దుకాణపు రేడియోలో వ్యాఖ్యానం చేయడం నేర్చుకోవడం ఎలా?

ఇంట్లో రేడియో పెట్టుకునే మనిషి వినడానికే పెట్టుకుంటాడు. దుకాణానికి వచ్చిన మనిషి సరుకు కోసం వస్తాడు. ఒక చేతిలో బుట్ట, మరో చేతిలో పిల్లవాడి చెయ్యి, మనసులో ఇంటి దగ్గర రాసుకున్న చీటీ ఉండగా మిగిలిన సగం చెవి మాత్రమే మనకు దక్కుతుంది. పెద్ద బట్టల దుకాణంలోనో సూపర్‌మార్కెట్‌లోనో పాటల మధ్య మాట్లాడే పనిలో చేరదలచినవారు ఆ సగం చెవికి మాట్లాడడం నేర్చుకోవాలి.

మైకు పట్టుకోవడానికి ముందు నాలుగైదు రోజులు, వేర్వేరు వేళల్లో, దుకాణమంతా తిరగండి. పాల ప్యాకెట్ల ఫ్రిజ్‌ల దగ్గర మోత ఎంత ఉంది, కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు ఏ మూలన మాట వినబడడం లేదు, టైల్సు పరిచిన మెట్ల దగ్గర ప్రతిధ్వని ఎలా వస్తోంది అన్నవి చెవితో తెలుసుకోవలసినవే. వాల్యూముకు నేను పాటించే కొలత ఒక్కటే: చీర విప్పి చూపిస్తున్న సేల్స్‌మన్, ఎదురుగా కూర్చున్న ఆవిడ గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి. ఎవరు ఎప్పుడు వస్తారో కూడా గమనించండి. గోదావరి డెల్టాలో కొనుగోళ్లు చాలావరకు పంటలను బట్టి నడుస్తాయి. సార్వా (వానాకాలపు పంట) ధాన్యం అమ్ముడైతే సంక్రాంతి బట్టలు, దాళ్వా (రెండో పంట) డబ్బు చేతికొస్తే పెళ్లి సామాను, ఆషాఢంలో తగ్గింపులు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి చీరలు.

ఒక ప్రకటన 20 సెకన్లు దాటకూడదు. తీరిగ్గా చదివితే అందులో 30 మాటలకు మించి పట్టవు. సంక్రాంతి ముందు రాసే ప్రకటన ఇలా ఉండవచ్చు: "బెల్లం కోసం చూస్తున్నవారికి ఒక మాటండి. అరిసెలకు పనికొచ్చే కొత్త బెల్లం ఈ ఉదయమే వచ్చింది. పప్పుల వరుస చివర, నూనె డబ్బాల ఎదురుగా ఉంది. కిలో ధర అక్కడే కార్డు మీద రాశాం. బెల్లం, నూనె డబ్బాల ఎదురుగా." సరుకు పేరు మొదటా చివరా రెండుసార్లు రావడానికి కారణం ఉంది. సగం చెవితో వినేవారు మధ్యలో అందుకుంటారు, మొదటి వాక్యం వారికి అందదు. కుడి, ఎడమ అని చెప్పకండి. నడుస్తున్న మనిషి ఎటు తిరిగి ఉన్నాడో మనకు తెలియదు. 1,499 రూపాయలను జనం పలికినట్టే "పద్నాలుగు వందల తొంభైతొమ్మిది" అని పలకండి. మర్యాదకు "అండి" చాలు. సినిమాల్లో వినిపించే తీరులో మాటమాటకూ "ఆయ్" చేర్చితే, ఇక్కడివారికి అది తమను అనుకరించినట్టు తోస్తుంది.

ఉచ్చారణలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన మాట "ధర", ఎందుకంటే రోజుకు ఎన్నోసార్లు పలికేది అదే. వత్తు జారితే అది "దర" అవుతుంది, "భారీ" కాస్తా "బారీ" అవుతుంది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రసారాలను రోజూ కొంతసేపు విని, వెంటనే పైకి చదివి రికార్డు చేసుకుని పోల్చుకోండి. అందుకు ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉంటే ప, బ అక్షరాల దగ్గర గాలి దెబ్బ పడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పిన మాట నిజమై ఉండడం. నేను కొత్తగా చేరిన ఒక దుకాణంలో వంటపాత్రల తగ్గింపు గురించి ఉదయం రికార్డు చేసిన ప్రకటన, సరుకు మధ్యాహ్నానికే అయిపోయినా, సాయంత్రం దాకా వినిపిస్తూనే ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చిన ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గర నిలబడి, "మైకులో చెప్పింది అబద్ధమా బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి ప్రతి ప్రకటన కాగితం మీద అది ఎప్పుడు ఆగిపోవాలో, ఆ వివరం ఎవరు ఇచ్చారో రాసుకుంటాను, వినిపించే ముందు ఆ విభాగంలో సరుకు ఉందో లేదో అడుగుతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు తయారీదారుపైన, సిఫార్సు చేసినవారిపైన 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే ఆ ఆవిడ ప్రశ్న నాకు అంతకన్నా బరువైనది.

పాటల విషయం యజమానితో ముందే మాట్లాడండి. సొంతానికి తీసుకున్న యాప్ చందా దుకాణంలో వినిపించడానికి చెల్లదు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద రికార్డింగుకు ఒక అనుమతి, సాహిత్య సంగీతాలకు మరొక అనుమతి కావాలి.

తప్పిపోయిన పిల్లవాడు దొరికితే పేరు, బట్టల రంగు మైకులో చెప్పకండి. బాబు తాలూకువారు బిల్లింగ్ కౌంటర్‌కు రావాలని మాత్రమే నెమ్మదిగా చెప్పి, వచ్చినవారిచేత ఆ వివరాలు చెప్పించుకుని అప్పగించాలి.

మొదటి అవకాశాన్ని పండగ రద్దీలో అడగవద్దు. మంగళవారం కొత్త బట్టలు కొనడానికి చాలామంది ఇష్టపడరు కాబట్టి ఆ మధ్యాహ్నం గంటసేపు ఇమ్మని అడగండి. ముందే రికార్డు చేసి ఇచ్చి, మీరు పప్పుల వరుస చివర నిలబడండి. బెల్లం ప్రకటన వచ్చాక ఎవరైనా నూనె డబ్బాల వైపు తిరిగారా, ఎవరైనా "ఎక్కడన్నారు?" అని పక్కవారిని అడిగారా అన్నది రాసుకుని, ఆ రాత్రే స్క్రిప్టు దిద్దుకోండి.