సిల్కీ కోళ్లను పొదగేయడం ఎలా?

సిల్కీ అంటే పట్టులాంటి మెత్తటి బూరుండే కోడి జాతి. మొదలుపెట్టేవాళ్లకు ఒక పుంజు, నాలుగు పెట్టలు చాలు. కోడికి నాలుగు చదరపు అడుగుల చోటు, నేల మీద రెండంగుళాల వరి ఊక, అడుగు ఎత్తులో కూర్చునే కర్ర ఉండాలి. సిల్కీలు ఎగరలేవు. వాటి ఈకల పోగుల్ని పట్టి ఉంచే కొక్కేలు లేవు కాబట్టి వాన పడితే చర్మం దాకా తడుస్తాయి. కప్పు కారకూడదు. నాటు కోళ్లతో కలిపి పెంచొద్దు. చాలా సిల్కీలకు నడినెత్తిన పుర్రె పూర్తిగా మూసుకోదు. అక్కడ గట్టిగా ఒక్క పోటు పడినా మెడ వాలిపోవచ్చు.

గుడ్లు కూడబెట్టే ముందు పుంజుకీ పెట్టలకీ వెనక భాగంలో బూరు కత్తిరించండి. బూరు అడ్డొస్తే జత కుదరదు, గుడ్లు ఖాళీగా పోతాయి. అప్పుడు పుంజు పనికిరాదని అమ్మేస్తుంటారు. తప్పు పుంజుది కాదు, కత్తెర వాడనివాళ్లది. గుడ్లను కడగకుండా, ఫ్రిజ్‌లో పెట్టకుండా, సన్నకొస కిందికి ఉంచి వారం లోపు వాడాలి.

ఇక పొదగేయడం. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే.

పెట్ట గూట్లో కూర్చోగానే గుడ్లు పెట్టేయకండి. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమనాలి, వరసగా రెండు రాత్రులు గూడు వదలకూడదు. అప్పుడు చీకటి పడ్డాక విడిగా ఒక పెట్టెలోకి మార్చి, చెక్క గుడ్లు ఇవ్వండి. పగలు మారిస్తే పాత చోటికే పరుగెడుతుంది. మర్నాడు కూడా కుదురుగా కూర్చుంటే, రాత్రిపూట అసలు గుడ్లు ఆరేడు ఒకేసారి పెట్టండి. రోజుకొకటి చొప్పున పెట్టడం ఘోరమైన తప్పు. ముందు పెట్టినవి 21వ రోజున పిల్లలవుతాయి, ఒకట్రెండు రోజుల్లో తల్లి లేచిపోతుంది, మిగతావి పెంకులోనే చల్లబడి చస్తాయి.

సిల్కీలతో ఇంకో చిక్కుంది. ఒక పెట్ట కూర్చుంటే పక్కదీ వచ్చి అందులోనే దూరుతుంది, అక్కడే గుడ్డు పెడుతుంది. అందుకే పొదగేసిన ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గుర్తు వేయండి. గుర్తు లేనిది కనపడితే ఆరోజే తీసేయండి. ఉరుములకు మురిగిపోతాయని గుడ్ల మధ్య బొగ్గు పెడితే నష్టం లేదు గానీ, ఇనుప ముక్క వద్దు. పెట్ట కదిలినప్పుడల్లా పెంకుకి తగులుతుంది.

ఈ జాతి పెట్టలు తిండి మానేసి మరీ కూర్చుంటాయి. రోజుకోసారి మీరే ఎత్తి పావుగంట బయట వదలాలి. ఎత్తేముందు రెక్కల కింద వేళ్లు పోనిచ్చి చూడండి. చంకలో ఇరుక్కున్న గుడ్డు జారి పగిలేది అప్పుడే. ఏడో రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలీడులా కనపడాలి. తేటగా ఉన్నవి తీసేయండి. పెట్ట పొట్ట కింద పొడవాటి పోగులుంటే అప్పుడే కత్తిరించండి, పుట్టిన పిల్ల మెడకు అవి చుట్టుకుంటాయి. 18వ రోజు నుంచి ఇక ఎత్తొద్దు. మేత, నీళ్లు ముక్కు అందేంత దగ్గర పెట్టండి. పెంకుకి చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజు కూడా పట్టొచ్చు. జాలిపడి పెంకు ఒలిస్తే, ఇంకా ఆరని నరాలు తెగి నెత్తురు కారుతుంది.

ఇంక్యుబేటర్ అయితే 37.5 డిగ్రీలు నిలకడగా ఉండాలి, కరెంటు పోకూడదు, పుట్టాక పిల్లలకు మళ్లీ బల్బు కావాలి. పెట్ట కూర్చుని ఉండగా మిషన్ దేనికి? ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పొదగేయొద్దు.

పిల్లలకు చిక్ స్టార్టర్ మేత, గులకరాళ్లు వేసిన లోతులేని పళ్లెంలో నీళ్లు పెట్టండి. కొక్కెర తెగులు రాకుండా 5–7 రోజుల మధ్య లసోటా టీకా కంట్లో చుక్క వేయించి, నాలుగో వారంలో మళ్లీ వేయించాలి. పుంజో పెట్టో తేలడానికి ఐదారు నెలలు పడుతుంది. రెండు నెలల పిల్లల్ని జత అని అమ్మితే కొనకండి.