గాలం రాడ్ మరమ్మతు – నాలుగో పాఠం: విరిగిన గైడు మార్చడం

కిందటి పాఠంలో రీలు విప్పి లోపలి ఉప్పు కడిగాం. ఈసారి రాడ్ పొడవునా లైను నడిచే లోహపు గైడ్ల సంగతి చూద్దాం. యానాం దగ్గర గౌతమిలోనో, అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోటో పండుగప్ప కోసం గాలం వేసేవాళ్లకు ముందుగా పాడయ్యేవి ఇవే. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన మంచినీళ్లలో ఏళ్ల తరబడి నిలిచే గైడు, మొగ దగ్గర ఉప్పునీళ్లకు అంతకాలం ఆగదు.

గైడులో లైను తగిలేది లోపలి పింగాణీ రింగు. దాన్ని పట్టుకుని ఉండేది లోహపు ఫ్రేము. ఫ్రేముకు ఒకటో రెండో కాళ్లుంటాయి. ఆ కాళ్లను రాడ్ మీద ఆనించి, దారం చుట్టి, పైన ఎపాక్సీ (రెండు భాగాలను కలిపితే గట్టిపడే జిగురు) పూస్తారు. తుప్పు ఎక్కువగా మొదలయ్యేది కాలు దారంలోకి దూరే మడత దగ్గర. ఎపాక్సీలో సన్నటి పగులొస్తే అందులోంచి ఉప్పునీరు దిగుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది గానీ, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే దారం అంచున టీ మరకలాంటి గోధుమరంగు గీత కనబడుతుంది. ఆ గీత ఉన్న గైడు ఇవాళ విరగకపోయినా మార్చేయాల్సిందే.

రింగు సంగతి తేల్చుకోవడానికి చెవి శుభ్రం చేసుకునే దూదిపుల్ల చాలు. రింగు లోపల గుండ్రంగా తిప్పండి. ఎక్కడ దూది పోగు పట్టుకుంటే అక్కడ పగులుంది. ఆ పగులు బ్రెయిడ్ లైన్‌ను, అంటే సన్న పోగులు జడలా అల్లిన లైనును, కొంచెం కొంచెంగా కోసేస్తుంది. చేప తెంపుకుపోయిందని మనం అనుకునే సందర్భాల్లో కొన్ని ఈ పగులు చేసిన పనే.

విరిగిన చోట ఫెవిక్విక్ చుక్క వేసి సరిపెట్టొద్దు. వంగే లోహం మీద ఆ అతుకు నిలవదు. వెల్డింగ్ షాపుకు అసలే తీసుకెళ్లొద్దు. రాడ్‌లోని కార్బన్ పోగులను కలిపి ఉంచేది రెజిన్, ఆ వేడికి అది పాడైపోతుంది. కొత్త గైడు కొనడమే మార్గం. పాత ముక్కను షాపుకు పట్టుకెళ్లి, రింగు వ్యాసం, ఎత్తు, కాళ్ల సంఖ్య మూడూ కలిసేలా తీసుకోండి. ఉప్పునీళ్లకు క్రోమ్ పూత వేసిన మామూలు ఉక్కు కంటే స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు.

పాతదాన్ని తీసేటప్పుడు తొందర పనికిరాదు. హెయిర్ డ్రయ్యర్‌తో ఎపాక్సీని మెత్తబడేదాకా వేడిచేయండి. తర్వాత బ్లేడును గైడు కాలి లోహం మీదే ఆనించి, కాలు పొడవునా నిలువుగా కోయండి. బ్లేడు కింద ఎప్పుడూ లోహమే ఉండాలి, రాడ్ ఉండకూడదు. బోలుగా ఉండే రాడ్ మీద చిన్న గాటు పడినా, బరువు పడ్డ రోజున సరిగ్గా అక్కడే విరుగుతుంది. కోసిన దారాన్ని గోటితో లాగేసి, మిగిలిన జిగురును మళ్లీ వేడిచేసి గీకేయండి.

కొత్త గైడు కాలి కొనను సన్న ఆకురాయితో వాలుగా అరగదీయండి. కొన మొద్దుగా ఉంటే దారం పైకెక్కే చోట సందు మిగులుతుంది. తర్వాత గైడును పాతది ఉన్న చోటే టేపుతో నిలబెట్టి, రాడ్ మొదలు నుంచి కొసదాకా ఒంటి కన్నుతో చూసి మిగతా గైడ్లతో ఒకే వరసలోకి తెండి.

ఇక దారం. గైడును పట్టి ఉంచేది దారమే, జిగురు దానికి కాపలా మాత్రమే. అందుకే ఈ పాఠంలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నరసాపురం వైపు ఇళ్లలో లేసు అల్లే నూలు దారం చేతికందుతుంది, అది మాత్రం వద్దు. నూలు తడి పీల్చుకుంటుంది. నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ సన్న దారం తీసుకోండి. ఉండను బరువైన పుస్తకం కింద పెట్టి, కొసను పేజీల మధ్య నుంచి బయటికి లాగితే కావలసిన టెన్షన్ దానంతటదే వస్తుంది. కాలి కొనకు అయిదు మిల్లీమీటర్ల ముందు మొదలుపెట్టి, దారం కొస మీదుగానే ఆరేడు చుట్లు వేసి, మిగిలిన కొస కత్తిరించండి. ఆపైన దారం కాదు, రాడ్ తిరగాలి. బొంగరానికి తాడు చుట్టినట్టు చుట్టు పక్కన చుట్టు ఆనుతూ రావాలి. సందు కనబడితే గోటితో వెనక్కి జరపండి.

ఇంకో ఎనిమిది చుట్లు మిగిలాయనగా, వేరే దారాన్ని మడిచి ఉచ్చులా పెట్టి, మిగతా చుట్లు దాని మీదుగా వేయండి. చివరి కొసను ఉచ్చులో దూర్చి ఉచ్చును లాగేస్తే, కొస చుట్ల కిందికి వెళ్లి బిగుసుకుంటుంది. రెండు కాళ్ల గైడైతే రెండో కాలికీ ఇదే పని. అది చుట్టేముందు వరస మరోసారి చూసుకోండి, ఇప్పుడైతే ఇంకా జరుగుతుంది.

ఎపాక్సీకి రాడ్ ఫినిష్ అని అమ్మేది దొరికితే మంచిది. దొరక్కపోతే నెమ్మదిగా గట్టిపడే పారదర్శక రకం వాడండి, అయిదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు. దాని ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలో రెండు భాగాలనూ వేరువేరు సిరంజిలతో కొలవండి. బుడగలు రాకుండా నిదానంగా కలిపి, బ్రష్‌తో పల్చగా పూయండి. చేతికి అంటకుండా గ్లౌజులు వేసుకోండి. రాడ్‌ను రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టి, జిగురు జారడం ఆగేదాకా అయిదేసి నిమిషాలకు పావు చుట్టు తిప్పుతూ ఉండండి. మన డెల్టాలో ఆషాఢ, శ్రావణ మాసాల గాలి తేమకు ఎపాక్సీ పైపొర జిగటగా, తెల్లగా మారే ప్రమాదం ఉంది. వాన పడే రోజున ఈ పని పెట్టుకోకండి.

24 గంటలు ఆగి, లైనును అన్ని గైడ్లలోంచి దూర్చి గుంజకు కట్టి, రాడ్‌ను మెల్లగా వంచి చూడండి. కాలు కదిలినా, ఎపాక్సీ చిట్లినా దారం విప్పి మళ్లీ చుట్టాలి. కొసన ఉండే గైడుకు ఈ పద్ధతి కుదరదు. దాన్ని వేడికి కరిగే జిగురుతో రాడ్ కొసకు తొడుగుతారు. అది వచ్చే పాఠంలో చేద్దాం, ఈలోగా వేడికి కరిగే గ్లూ స్టిక్ ఒకటి తెచ్చిపెట్టుకోండి.