బొమ్మ పగిలితే ముందు అడ్రస్ చూడండి: హెడ్‌ఎండ్‌లో మల్టీకాస్ట్ సమస్యలు - పరిష్కారాలు

కడపలో ఒక కేబుల్ హెడ్‌ఎండ్‌లో, అంటే చానళ్ళన్నీ ఒకచోట చేర్చి కేబుల్‌లోకి పంపే చోట, పని చేస్తున్నాను. రాత్రి సీరియళ్ళ టైంలో బొమ్మ పగిలిందంటే పది నిమిషాల్లో ప్రొద్దుటూరు నుంచి, మైదుకూరు నుంచి ఆపరేటర్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బాక్స్ మార్చాల్నా?" అని వాళ్ళు అడుగుతారు, "ఎన్‌కోడర్ మార్చాల్నా?" అని మా కుర్రాళ్ళు అడుగుతారు, బొమ్మను కుదించి నెట్‌వర్క్‌లోకి పంపే డబ్బా అది. ఏదీ మార్చొద్దు, ముందు ఆ చానల్‌కు ఏ మల్టీకాస్ట్ అడ్రస్ ఇచ్చారో చూడండి అంటాను. ఒకరు ఒకసారి పంపితే అడిగినవాళ్ళందరికీ చేరడమే మల్టీకాస్ట్, ఆ అడ్రస్‌నే గ్రూపు అంటాం. ఎవరికి తోచిన అడ్రస్ వాళ్ళు కొట్టేసి, ఎక్కడా రాసి పెట్టకపోవడం వల్ల వచ్చే గొడవలే మా దగ్గర ఎక్కువ. లక్షణం ఏంటి, కారణం ఏంటి, ఏం చేయాలి అన్నది కింద రాస్తున్నాను.

బొమ్మ గడులు గడులుగా పగులుతోంది, మధ్యలో వేరే చానల్ మాటలు వినబడుతున్నాయి

ఒకే అడ్రస్‌కు, ఒకే పోర్టు నంబరుకు రెండు ఎన్‌కోడర్లు పంపుతున్నాయన్నమాట. రెండు ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీములు (బొమ్మా మాటా ప్యాకెట్లుగా పోయే ప్రవాహాలు) కలిసిపోతే కంటిన్యూటీ ఎర్రర్లు, అంటే ప్యాకెట్ల వరుస తప్పడాలు, వేలల్లో పెరుగుతాయి, చానళ్ళను కలిపే మక్స్‌కు ఏది ఎవరి ప్యాకెట్టో తెలియదు. తెలుసుకోవడం సులభమే. ఆ గ్రూపు మీద టీసీపీడంప్ (వచ్చే ప్యాకెట్లను చూపే ప్రోగ్రాం) పెట్టి సోర్స్ ఐపీలు, అంటే పంపేవాళ్ళ అడ్రస్‌లు, చూడండి, ఒకటే ఉండాలి, రెండు కనబడితే దొంగ దొరికినట్టే. మా దగ్గర ఆ దొంగ ఎప్పుడూ బ్యాకప్ ఎన్‌కోడరే. మెయిన్ దాని కాన్ఫిగ్ ఫైల్‌ను మక్కికి మక్కి అందులోకి ఎక్కించి, "రెడీగా ఉంటుంది కదన్నా" అని పవర్ వేసి పెడతారు. అదేమో రెడీగా ఉండదు, పంపడం మొదలుపెడుతుంది. బ్యాకప్‌కు వేరే అడ్రస్ ఇవ్వండి, లేదా దాని అవుట్‌పుట్ ఆపి పెట్టండి.

నాలుగు నిమిషాలు బాగా వస్తుంది, తర్వాత నలుపు. ప్లేయర్ ఆపి మళ్ళీ పెడితే ఇంకో నాలుగు నిమిషాలు వస్తుంది

ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం రాత్రి వెన్నెల్లో జరుగుతుంది కదా, ఆ రోజు సాయంత్రం లైవ్ ఫీడ్‌ను లోకల్ చానల్‌కు కలిపి టెస్ట్ చేస్తున్నాం. బ్రహ్మాండంగా వస్తోంది, టీ తాగొద్దామని లేచామో లేదో పోయింది. మళ్ళీ పెట్టాం, వచ్చింది, మళ్ళీ పోయింది. ఫైబర్ తుడిచాం, ఫైబర్ తగిలించే ఎస్‌ఎఫ్‌పీ మార్చాం, స్ట్రీమును మళ్ళీ బొమ్మగా మార్చే డీకోడర్‌ను తిట్టాం. గంటన్నర పోయాక ఎవరో గడియారం చూసి, "అన్నా, పోయేది ప్రతిసారీ నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకే" అన్నాడు. అంటే 260 సెకన్లు, అక్కడే దొరికిపోయింది.

స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్‌లో ఉంటే, కేబుల్ తగిలించిన ఏ పోర్టు ఏ గ్రూపును అడిగిందో స్విచ్ రాసుకుంటుంది. ఆ రాత శాశ్వతం కాదు. క్వెరియర్ అనే ఒక పెద్దమనిషి 125 సెకన్లకు ఒకసారి "ఇంకా ఎవరికైనా కావాలా?" అని అడుగుతుండాలి, డీకోడర్ "నాకు కావాలి" అంటుండాలి. అడిగేవాడే లేకపోతే డీకోడర్ నోరు తెరవదు, స్విచ్ రెండుసార్లు అడగాల్సిన టైమూ ఇంకో పది సెకన్లూ చూసి, అంటే ఆ 260 సెకన్లు అయ్యాక, పేరు కొట్టేస్తుంది. మా దగ్గర ఆ పెద్దమనిషి పని చేస్తున్నది ఒక మూల పడి ఉన్న పాత రూటర్. పనికిరాదని చెప్పి, యూపీఎస్‌లో సాకెట్ ఖాళీ కావాలని, పొద్దున్నే దాన్ని పీకేశారు.

పరిష్కారం రెండు నిమిషాల పని. మీడియా వీలాన్‌లో (చానళ్ళ కోసం వేరు చేసిన నెట్‌వర్క్ భాగం) మెయిన్ స్విచ్ మీద క్వెరియర్ ఆన్ చేసి, ఆ వీలాన్‌లో దానికి ఒక ఐపీ ఇవ్వాలి. అందరికన్నా చిన్న ఐపీ ఉన్నవాడే క్వెరియర్ అవుతాడు కాబట్టి మెయిన్ స్విచ్‌కే చిన్న నంబరు ఇవ్వండి, లేకపోతే ఎవరో తెచ్చి తగిలించిన చిన్న డబ్బా ఆ పెత్తనం తీసుకుంటుంది. స్నూపింగ్ ఆపేస్తే కూడా బొమ్మ వస్తుంది, నిజమే, కానీ ప్రతి స్ట్రీమూ ప్రతి పోర్టుకూ పోతుంది. అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే తప్ప ఆ పని చేయొద్దు.

అడ్రస్‌లు వేరువేరే, అయినా ఒకటి అడిగితే రెండోది కూడా వస్తోంది

మల్టీకాస్ట్ ఐపీని ఈథర్‌నెట్ మ్యాక్ అడ్రస్‌గా (హార్డ్‌వేర్ స్థాయి అడ్రస్) మార్చేటప్పుడు చివరి 23 బిట్లే వాడతారు, ముందు భాగం 01:00:5ఈ అని అందరికీ ఒకటే. గ్రూపు నంబరులో 28 బిట్లు ఉంటాయి కాబట్టి 5 బిట్లు గాలికి పోతాయి, అంటే 32 ఐపీలకు ఒకటే మ్యాక్. ఇంటిపేరు వదిలేసి బజార్లో "సుబ్బారెడ్డీ!" అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో మన జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. 239.1.1.1, 239.129.1.1, 224.1.1.1 మూడింటికీ మ్యాక్ 01:00:5ఈ:01:01:01. ఐపీ చూసి పంపే స్విచ్ అయితే ఇబ్బంది లేదు, మ్యాక్ చూసి పంపే పాత స్విచ్‌లూ చవక స్విచ్‌లూ మాత్రం ఈ ముగ్గురినీ ఒకటే అనుకుంటాయి.

ఇందులోనే ఇంకో గుంట ఉంది. 224.0.0.0 నుంచి 224.0.0.255 వరకు నెట్‌వర్క్ సొంత పనులకు కేటాయించారు, స్నూపింగ్ ఉన్నా స్విచ్ వాటిని అన్ని పోర్టులకూ పంచుతుంది. 239.0.0.5, 239.128.0.5 లాంటివి మ్యాక్ దగ్గరికొచ్చేసరికి వీటితో కలుస్తాయి. ఆఫీసు కంప్యూటర్, సీసీ కెమెరాల రికార్డర్ కూడా ఉన్నట్టుండి నత్తనడక నడుస్తుంటే, స్విచ్ లైట్లన్నీ ఒకే వేగంతో కొట్టుకుంటుంటే ఇదేనేమో చూడండి. మొదటి అడ్రస్‌గా 239.0.0.1 కొట్టడం అందరికీ అలవాటు మరి.

ఒక్క చానల్ అడిగితే లింక్ నిండిపోతోంది

చానళ్ళన్నింటికీ 239.1.1.1 ఒకటే ఇచ్చి, పోర్టులు మాత్రం 5001, 5002, 5003 అని మార్చుకుంటూ పోయారా? స్విచ్‌కు గ్రూపే తెలుసు, పోర్టు నంబరు చూడదు. ఒకటి అడిగితే నలభై వస్తాయి. ఒక్కోటి 4 ఎంబీపీఎస్ అనుకున్నా మొత్తం 160, అవతల డబ్బాకు 100 ఎంబీ పోర్టు ఉంటే ఇంకేముంది. ఒక్కో స్ట్రీముకు ఒక్కో అడ్రస్ ఇచ్చి, పోర్టు అందరికీ ఒకటే ఉంచండి. ఆర్‌టీపీ (లైవ్ వీడియోను ప్యాకెట్లుగా పంపే పద్ధతి) వాడితే ఆ పోర్టు సరిసంఖ్య ఉండాలి.

కేబుల్‌లో స్ట్రీములు చిన్నవి కాబట్టి ఇలాంటి తప్పులు కొన్నాళ్ళు దాక్కుంటాయి. ఎస్‌టీ 2110 (స్టూడియో వీడియోను ఐపీ నెట్‌వర్క్‌లో పంపే ప్రమాణం) వాడే స్టూడియోల్లో ఆ అవకాశం కూడా లేదు. 25 ఫ్రేముల హెచ్‌డీ కుదించకుండా పంపితే ఒక్క వీడియోకే దాదాపు 1.04 జీబీపీఎస్ అవుతుంది, అదీ హెడర్లు కలపకముందు. నిండుగా ఉన్న పోర్టుకు ఒక్క అనవసర స్ట్రీము వచ్చినా అక్కడికక్కడే మునుగుతుంది.

టీసీపీడంప్‌లో ప్యాకెట్లు కనబడుతున్నాయి, ప్లేయర్‌లో మాత్రం ఏమీ రాదు

రెండు నెట్‌వర్క్ కార్డులున్న లినక్స్ సర్వర్ల జబ్బు ఇది, మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుంది. డిఫాల్ట్ రూట్ (వేరే దారి రాయని ప్యాకెట్లు పోయే దారి) ఆఫీసు కార్డు వైపు ఉంటుంది, మీడియా ఇంకో కార్డులో వస్తుంది. సోర్స్ ఐపీకి తిరుగుదారి వేరే కార్డులో ఉందని లినక్స్ లోపలి కెర్నల్ ఆ ప్యాకెట్లను పారేస్తుంది. ఆర్‌పీ ఫిల్టర్ పని అది. ఎన్‌కోడర్ల సబ్‌నెట్‌కు (వాటి ఐపీల వరుస) మీడియా కార్డు వైపు రూట్ రాయండి, లేదా ఆ కార్డుకు ఆర్‌పీ ఫిల్టర్ విలువ 2 పెట్టండి. 0 పెడితే చాలనుకోవద్దు, అన్ని కార్డులకూ కలిపి ఉన్న "ఆల్" దగ్గర 1 ఉంటే రెండింటిలో పెద్దదే చెల్లుతుంది. ప్యాకెట్లే రావట్లేదంటే అది వేరే కథ, జాయిన్ (గ్రూపు కావాలని అడగడం) ఆఫీసు కార్డులోంచి పోతోందేమో చూసి, ప్లేయర్‌లో ఇంటర్‌ఫేస్ పేరు పెట్టి చెప్పండి.

ఇదే స్విచ్‌లో వస్తుంది, రూటర్ దాటితే రాదు

ఎన్‌కోడర్‌లో టీటీఎల్ చూడండి, ప్యాకెట్ ఎన్ని రూటర్ల వరకు పోవచ్చో చెప్పే సంఖ్య అది. 1 ఉంటే మొదటి రూటర్ దగ్గరే చస్తుంది, 16 పెట్టండి. అప్పటికీ రాకపోతే రూటర్‌లో పిమ్ (మల్టీకాస్ట్‌ను రూటర్లు దాటించే పద్ధతి) ఆన్ చేశారో లేదో చూడాలి.

మరి అడ్రస్‌లు ఎట్లా ఇస్తున్నాం

మొదటి నంబరు ఎప్పుడూ 239, సంస్థ లోపల సొంతానికి వాడుకోమని ఇచ్చిన వరుస అది. రెండో నంబరు 1 నుంచి 127 లోపలే. ఈ ఒక్క నియమం పాటిస్తే మన స్ట్రీములు ఒకదానితో ఒకటి మ్యాక్‌లో ఢీకొనడం ఉండదు, 224.0.0 గొడవా ఉండదు. 239.255 వైపు పోకూడదనేది కూడా ఇందులోనే వచ్చేస్తుంది, అక్కడ టీవీలూ ఫోన్లూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ 239.255.255.250 లో అరుస్తుంటాయి.

మాకు మెయిన్ 239.40, బ్యాకప్ 239.41. మూడో నంబరు రకం: శాటిలైట్ రిసీవర్ల నుంచి వచ్చేవి 1, మా ఎన్‌కోడర్లవి 2, స్క్రాంబ్లింగ్ (చందా లేనివాళ్ళు చూడకుండా తాళం వేయడం) అయి బయటికి పోయేవి 3. చివరిది చానల్ వరుస సంఖ్య. 239.40.2.17 చెడిపోతే 239.41.2.17 కు మారాలని నిద్రలో అడిగినా చెప్పొచ్చు. చివరి నంబరుగా బాక్స్‌లో కనబడే చానల్ నంబరు పెట్టుకుందామని ఒకసారి మోజు పడ్డాం, ప్యాకేజీ మారినప్పుడల్లా అది మారుతుంది, 255 దాటితే చోటే ఉండదు, మానేశాం.

షీట్‌లో రాశాకే ఎన్‌కోడర్‌లో కొట్టాలి, కొట్టాక రాద్దాంలే అన్నవాళ్ళు రాయరు. అడ్రస్, పోర్టు, సోర్స్ ఐపీ, వీలాన్, ఇచ్చిన తేదీ ఉంటే సరిపోతుంది. మూతపడిన చానల్ వరసను చెరిపేయకుండా "ఖాళీ" అని రాసి కొన్నాళ్ళు అట్లే వదిలేయండి. మేము వెంటనే ఇంకో చానల్‌కు ఇచ్చేశాం, ఎక్కడో రాయచోటి వైపు ఒక డీకోడర్ పాత అడ్రస్‌నే పట్టుకుని ఉంది, భక్తి చానల్ నంబరులో మూడు రోజులు వంటల ప్రోగ్రాం వచ్చింది.