పీణ్య మెషిన్ షాపులకు ఎంతమంది కావాలో లెక్క వేసేదెలా?

హిందూపురం, మడకశిర వైపు కుర్రాళ్లకు బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో, లోహపు విడిభాగాలు చెక్కే మెషిన్ షాపుల్లో పని చూపించాలనుకునే సంఘాలు, ట్రైనింగ్ సెంటర్లు ముందు కోర్సు పెట్టేసి, ఆ తర్వాత షాపుల చుట్టూ తిరుగుతుంటాయి. తిరగాల్సింది ముందు.

పదిహేను, ఇరవై షాపులు ఎంచుకోండి. "సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) ఆపరేటర్లు కావాలి" అని హెచ్‌ఆర్ వాళ్లిచ్చే కాగితంతో పని జరగదు. షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని పట్టుకుని మూడు సంగతులు అడగండి: కొత్తవాడికి మొదటి మూడు నెలలు ఏ పని ఇస్తారు, చెక్కే ముక్కను ఎక్కడ పాడుచేస్తాడు, పోయినేడు మానేసినవాళ్లు ఎక్కడికి వెళ్లారు.

రెండోదాని జవాబే మీ సిలబస్. లేత్ (ముక్కను గిరగిరా తిప్పి చెక్కే మెషిన్) మీద వ్యాసం 0.04 మి.మీ. ఎక్కువ వచ్చిందనుకోండి. చాలా మెషిన్లలో ఎక్స్ విలువ (పనిముట్టు అడ్డంగా ఎక్కడ ఉండాలో చెప్పే అంకె) వ్యాసం లెక్కలోనే ఉంటుంది కాబట్టి, పనిముట్టు అరుగుదలకు చేసే సవరణ అంకె అయిన వేర్ ఆఫ్‌సెట్‌లో 0.04 మొత్తం తగ్గించాలి. కొత్తవాడు వ్యాసార్ధం అనుకుని 0.02 తగ్గిస్తాడు, తర్వాతి ముక్కా 0.02 ఎక్కువే. 0.02 లీస్ట్ కౌంట్ (కొలవగల అతి చిన్న కొలత) ఉన్న వెర్నియర్‌తో 0.01 టాలరెన్స్ (అనుమతించే తేడా) కొలవబోవడం ఇంకో తప్పు. ఐటీఐలో ఫస్ట్ యాంగిల్ (కుడి వైపు దృశ్యాన్ని ఎడమ పక్కన గీసే పద్ధతి) అలవాటైనవాడు అమెరికా కస్టమర్ పంపిన థర్డ్ యాంగిల్ (కుడి వైపు దృశ్యాన్ని కుడి పక్కనే గీసే) డ్రాయింగ్ చూసి రంధ్రం అవతలి వైపు వేస్తాడు.

మూడోది అంకెల కోసం. ఉదాహరణకు 20 షాపుల్లో ఏడాదికి 50 మంది మానేశారు. వాళ్లలో 30 మంది పక్క షాపులోనే చేరితే, అక్కడి ఖాళీ నిండినట్టే. పీణ్యకే దూరమైన 20 మందినే లెక్కలోకి తీసుకోండి. కొత్త మెషిన్లకు 12 మంది కలిపితే 32. ఐటీఐల నుంచి ఎలాగూ 15 మంది వస్తుంటే మీరు తయారుచేయాల్సింది 17 మందిని. మధ్యలో మానేసేవాళ్లుంటారు కనుక 22 మందితో బ్యాచ్ మొదలుపెట్టవచ్చు. మానేసిన 50నీ ఖాళీలుగా రాసుకున్న సెంటర్లలో సగానికి పైగా బ్యాచ్ పని దొరక్క ఇంటికి పోతుంది.

అప్రెంటిస్ (షాపులోనే పని నేర్చుకునేవాడు) దారి వదలకండి. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నచోట అది యజమాని ఇష్టం, పీణ్యలో ఈ చిన్న షాపులే ఎక్కువ. జాతీయ అప్రెంటిస్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు రూ.1,500 మించకుండా, కేంద్రం భరిస్తుందని అలాంటి యజమానికి ముందే చెప్పండి.

చేరిన మూడో నెల, ఆరో నెల ఫోన్ చేసి కారణంతో సహా రాసుకోండి. గది అద్దె కట్టలేక మానేసినవాడి కోసం సిలబస్ మార్చాల్సిన పనిలేదు. షాపు దగ్గర చౌకగా గది వెతికిపెట్టాలి.