మాడ్యూల్ తీసేసినా తిరిగిరాని మెమరీ: కెర్నల్ క్లీనప్‌లో లీకులు పట్టడం

సమస్య: లినక్స్ డ్రైవర్‌ను లోడ్ చేసి తీసేసిన ప్రతిసారీ మెమ్‌ఇన్ఫోలో ఎస్‌అన్‌రీక్లెయిమ్ అంకె (స్లాబ్‌లో, అంటే కెర్నల్ తన చిన్న ఆబ్జెక్టులకు వాడే మెమరీలో, తిరిగి లాక్కోలేని భాగం) కాస్త పెరుగుతుంది, మళ్లీ దిగదు.

ఒక్కసారికి తేలదు. మాడ్యూల్‌ను లోడ్ చేసే ఇన్స్‌మాడ్, తీసేసే ఆర్‌ఎమ్‌మాడ్‌లను లూపులో 500 సార్లు తిప్పి, స్లాబ్ వాడకాన్ని పట్టికగా చూపే స్లాబ్‌టాప్‌లో ఏ వరస సుమారు 500 ఆబ్జెక్టులు పెరిగిందో చూడండి. ఎక్స్86 మీద కెమాలాక్-256 పెరిగిందంటే, పోతున్నది 193 నుంచి 256 బైట్ల మధ్య ఉన్న స్ట్రక్చర్. అనుమానితుల జాబితా అక్కడే సగానికి తగ్గుతుంది.

తర్వాత కెమెమ్‌లీక్ (ఏ పాయింటరూ చూపని మెమరీని వెతికే కెర్నల్ సాధనం) ఆన్ చేసిన కెర్నల్‌లో, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని కెమెమ్‌లీక్ ఫైలుకు ముందు క్లియర్ అని రాసి, లూపు తిప్పాక స్కాన్ అని రాయండి. కొన్ని సెకన్లు ఆగి మరోసారి స్కాన్ చేయాలి. అప్పుడే పుట్టిన ఆబ్జెక్టులనూ, మధ్యలో మారినవాటినీ అది మొదటి స్కాన్‌లో వదిలేస్తుంది. మాడ్యూల్ తీసేశాక కెమెమ్‌లీక్ చూపే ట్రేస్‌లో (కాల్స్ వరసలో) ఫంక్షన్ పేర్లకు బదులు అడ్రసులే కనిపిస్తాయి కాబట్టి, తీసే ముందే ప్రాక్‌లోని మాడ్యూల్స్ ఫైలు నుంచి బేస్ అడ్రస్ రాసి పెట్టుకోండి. ఆ ట్రేస్ మెమరీ ఎక్కడ తీసుకున్నారో మాత్రమే చెబుతుంది. ఎక్కడ వదలాల్సిందో మీరే వెతకాలి.

కారణం 1: డబ్బాను పారేశారు, లోపలి సరుకును మరిచారు. పాయింటర్లు దాచే పట్టికలను మూసే ఐడీఆర్_డిస్ట్రాయ్, ఎక్స్ఏ_డిస్ట్రాయ్ తమ సొంత నోడ్‌లనే వదులుతాయి. మీరు దాచిన పాయింటర్ల జోలికి పోవు. ముందు ఎంట్రీలను వరసగా చూస్తూ ఒక్కొక్కదాన్నీ కెఫ్రీతో వదిలి, ఆ తర్వాతే డిస్ట్రాయ్ పిలవండి. లిస్టు అయితే లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ_సేఫ్ తప్పనిసరి. సేఫ్ లేనిది వాడితే, ఇప్పుడే వదిలేసిన నోడ్‌లోంచే తర్వాతి అడ్రస్ చదువుతుంది.

కారణం 2: డివైస్_రిజిస్టర్ విఫలమైన దారి. ఎక్కువమంది పడేది ఇక్కడే. రిజిస్టర్ ఎర్రర్ ఇచ్చింది కదా అని స్ట్రక్చర్‌ను నేరుగా కెఫ్రీ చేస్తారు. కానీ ఆ కాల్ లోపల రిఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారనే లెక్క) అప్పటికే మొదలైపోయింది, డివ్_సెట్_నేమ్ పేరు కోసం విడిగా మెమరీ తీసుకుంది. కెఫ్రీ స్ట్రక్చర్‌ను వదులుతుంది, పేరు మిగిలిపోతుంది. విఫలమైనా పుట్_డివైస్ పిలవండి: పేరును అదే వదులుతుంది, స్ట్రక్చర్‌ను మీ రిలీజ్ ఫంక్షన్ వదులుతుంది. దాని తర్వాత మళ్లీ కెఫ్రీ రాశారో, ఈసారి డబుల్ ఫ్రీ. కెఆబ్జెక్ట్_ఇనిట్_అండ్_యాడ్‌కూ ఇదే పద్ధతి: విఫలమైతే కెఆబ్జెక్ట్_పుట్.

కారణం 3: కాష్ (ఒకే రకం ఆబ్జెక్టుల కోసం డ్రైవర్ పెట్టుకున్న స్లాబ్ నిల్వ) మూసేటప్పుడు ఆబ్జెక్టులు ఇంకా మిగిలి ఉన్నాయని కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక. కాల్_ఆర్‌సీయూతో (చదువుతున్నవాళ్లు అయ్యాకే వదిలే పద్ధతి) వాయిదా వేసిన ఫ్రీలు పూర్తి కాకముందే కెమెమ్_కాష్_డిస్ట్రాయ్ పిలిచి ఉండవచ్చు. సింక్రనైజ్_ఆర్‌సీయూ చాలదు, అది పాఠకుల కోసం ఆగుతుంది గానీ క్యూలో ఉన్న కాల్‌బ్యాక్‌ల కోసం ఆగదు. ముందు కొత్త కాల్‌బ్యాక్‌లు పుట్టకుండా ఆపి, ఆర్‌సీయూ_బ్యారియర్ పిలిచి, చివర కాష్ మూయండి.

కారణం 4: క్యూలోని పనిని రద్దు చేసే క్యాన్సిల్_వర్క్_సింక్ ట్రూ ఇచ్చిందంటే ఆ పని ఇక నడవదు. క్యూలో పెట్టేటప్పుడు దాని కోసం రిఫరెన్స్ పట్టుకుని ఉంటే, దాన్ని మీరే వదలాలి.

మెమరీ పెరుగుతున్నా కెమెమ్‌లీక్ ఏమీ చూపకపోతే, ఆ ఆబ్జెక్టు ఇంకా ఏదో బతికున్న లిస్టులో వేలాడుతూ ఉండవచ్చు. లేదా అది అలాక్_పేజెస్‌తో, అంటే నేరుగా పేజీలుగా, తీసుకున్నది కావచ్చు. ఆ పేజీలను కెమెమ్‌లీక్ గమనించదు.

సరిచేశాక ఎర్రర్ దారులన్నీ నడిపి చూడాలి. మెమరీ కేటాయింపులను కావాలని విఫలం చేసే ఫెయిల్‌స్లాబ్‌లో ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్‌ను ఎన్‌గా మార్చండి. లేకపోతే జీఎఫ్‌పీ_కెర్నల్ కేటాయింపులు విఫలం కావు. చిన్న సీ ప్రోగ్రాములో ఫెయిల్-ఎన్‌త్‌కు (ఎన్నో కాల్ విఫలం కావాలో చెప్పే ఫైలు) 1 రాసి, మాడ్యూల్‌ను లోడ్ చేసే ఫినిట్_మాడ్యూల్ పిలవండి. తర్వాత 2, 3 అంటూ పెంచండి. కాల్ అయ్యాక ఆ ఫైలు చదివితే 0 వచ్చినంతవరకూ వైఫల్యం తగులుతున్నట్టే. 0 రానప్పుడు ఆపి, చివరిసారి స్కాన్ చేయండి.