ఉద్యోగం వదిలి కొత్త దారి పట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రాజీనామా రాయకముందే, మీకు విసుగు పుట్టిస్తున్నది ఆ పనా, పై అధికారా, రోజువారీ ప్రయాణమా అన్నది విడదీసి చూసుకోండి. తిరుపతి నుంచి శ్రీసిటీ పారిశ్రామికవాడకు షిఫ్టు బస్సులో వెళ్లివచ్చి అలసిన మనిషికి వృత్తే తప్పనిపించడం సహజమే గాని, ఇల్లు మారితే తీరిపోయే ఇబ్బందికి వృత్తినే వదులుకుంటే నష్టపోతారు.

ఎవరూ అడగకపోయినా మీరు శ్రద్ధపెట్టి చేసిన పనులేమిటో ఒక నెలపాటు రాసిపెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మనం ఇష్టమని చెప్పుకునేదీ, ఏళ్ల తరబడి ఓపికగా చేయగలిగేదీ చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి. వెళ్లాలనుకుంటున్న రంగంలోని వారిని కలిసి, జీతం సంగతి కంటే ముందు వారి రోజు ఎలా గడుస్తుందో అడగండి. వీలైతే సెలవు రోజుల్లో ఆ పనిని స్వయంగా చేసి చూడండి.

మళ్లీ చదవదలచినవారు, అది 1954లో స్థాపించిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమైనా, 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ అయినా, ఆ కోర్సు పూర్తిచేసినవారు ఇప్పుడేం చేస్తున్నారో తెలుసుకున్నాకే దరఖాస్తు చేయాలి.

కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు దగ్గర ఉంచుకోండి. భవిష్య నిధి (పీఎఫ్) సొమ్మును తొందరపడి తీయకండి. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండకముందు తీసుకుంటే సాధారణంగా దానిపై ఆదాయపు పన్ను పడుతుంది కాబట్టి, కొత్త సంస్థలోని ఖాతాకు బదిలీ చేయించుకోవడం మేలు. కొత్త నియామక పత్రం చేతికందాకే, నోటీసు గడువు చూసుకుని రాజీనామా ఇవ్వండి.