కొండబాటలో సైకిల్ - 4వ పాఠం: ఎవరికి దారివ్వాలి, ఎక్కడ ఆగాలి

కిందటి పాఠంలో దిగుడులో బ్రేకులు పట్టడం చూశాం. లివర్ మీద ఒకటో రెండో వేళ్లు, పెడల్స్ రెండూ నేలకి సమానంగా, ఒంటి బరువు కాస్త వెనక్కి. అది చేతికి వచ్చాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇవాళ చెప్పుకునే మర్యాద అంతా ఆ బ్రేకు మీదే ఆధారపడింది. ఆగడం రానివాడు ఎంత మంచివాడైనా ఎదుటివాళ్లకి దారి ఇవ్వలేడు.

విశాఖ చుట్టుపక్కల మనం తొక్కే కొండబాటల్లో సైకిల్ కోసం వేసినవి వెతికినా దొరకవు. సింహాచలం కొండల వెనక, యారాడ వైపు, భీమిలి రోడ్డు పక్క గుట్టల మీద ఉన్నవన్నీ కట్టెలకి వెళ్లేవాళ్లు, మేకలు తోలుకెళ్లేవాళ్లు, జీడిమామిడి తోటల్లో పనికి వెళ్లేవాళ్లు నడిచి నడిచి పడ్డ దారులు. వాకింగ్ వాళ్లు తర్వాత వచ్చారు. సైకిల్ వాళ్లం అందరికన్నా ఆఖరున వచ్చాం. ఆఖరున వచ్చినవాడే ముందు ఆగాలి, అంతే.

అసలు వెళ్లొచ్చా?

బాట కనిపించగానే సైకిల్ దించేయకండి. కంబాలకొండ సుమారు 70 చదరపు కిలోమీటర్ల వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. గేటు దగ్గర అటవీశాఖ వాళ్లని అడిగి, సైకిల్‌కి అనుమతించిన బాట ఏదో తెలుసుకుని, అంతవరకే వెళ్లండి. కంచెలో సందు ఉందని దూరడం, ఎవరో ఆ రూట్ యాప్‌లో పెట్టారని వెళ్లడం ఇక్కడ చెల్లవు. చిరుతలు తిరిగే అడవి కాబట్టి తెల్లవారుజామునా, సందె చీకట్లోనూ ఆ అంచులకి పోకపోవడమే మంచిది.

ఎర్రమట్టి దిబ్బల మీద అయితే సైకిల్ అసలు వద్దు. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక అది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. చక్రం కోసిన గాడిలో వాన నీరు పారితే ఆ గాడే కాలువ అవుతుంది. ఫొటో బాగా వస్తుందని అక్కడ సైకిల్ దించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తొట్లకొండ, బావికొండల్లో బౌద్ధ కట్టడాల మధ్యకీ సైకిల్ తీసుకెళ్లకండి. మాధవధార నుంచి సింహాచలం వెళ్లే మెట్లదారిలో భక్తులు చెప్పులు లేకుండా నడుస్తారు, దాన్ని వాళ్లకే వదిలేయండి. ఆషాఢంలో గిరిప్రదక్షిణ జరిగే సమయంలో కొండ చుట్టూ ఆ 32 కిలోమీటర్ల దారి పొడుగునా జనమే. ఆ పూట సైకిల్ ఇంట్లోనే ఉండాలి, లేదా మీరూ కాలినడకన వెళ్లాలి.

కనిపించినంత మేరే వేగం

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. మీ వేగం ఎంత ఉండాలో మీ కాళ్ల బలమో, సైకిల్ ధరో చెప్పదు. ముందు ఎంత దూరం కనిపిస్తోందో అది చెబుతుంది.

లెక్క వేద్దాం. మనిషిని చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుంది అనుకోండి. గులకరాళ్లున్న దిగుడులో బ్రేకు పట్టాక ఒక్కో సెకనులో మీ వేగం గంటకి 11 కిలోమీటర్ల మేర తగ్గుతుంది అనుకోండి. గంటకి 10 కిలోమీటర్ల వేగంలో ఉంటే పూర్తిగా ఆగడానికి సుమారు 4 మీటర్లు కావాలి. 20లో అయితే 11 మీటర్లు. 30లో 20 మీటర్లు. వేగం మూడింతలైతే ఆగే దూరం ఐదింతలైంది చూడండి.

ఇప్పుడు తోటల మధ్య మలుపు ఒకటి ఊహించుకోండి. జీడిమామిడి కొమ్మలు బాట మీదికి వంగి ఉన్నాయి, 12 మీటర్లకి మించి కనబడదు. మీరు 20లో వస్తే ఆగిన చోట మీ ముందు చక్రానికీ ఎదుటి మనిషి మోకాలికీ మధ్య ఒక మీటరు మిగులుతుంది. ఎదురుగా ఇంకో సైకిల్ అదే వేగంతో వస్తుంటే ఆ ఒక్క మీటరూ ఉండదు, ఎందుకంటే ఇద్దరూ ఆగడానికి కలిపి 22 మీటర్లు కావాలి. అందుకని కనుమరుగు మలుపుల్లో కనిపించే దూరంలో సగంలోనే ఆగగలిగేలా రండి.

మౌంటెన్ బైకింగ్ ఊపందుకున్న కాలిఫోర్నియాలోని టామల్‌పాయిస్ కొండ మీద, వెడల్పాటి మట్టి రోడ్లలో కూడా సైకిళ్లకి గంటకి 15 మైళ్ల పరిమితి పెట్టారు. అంటే సుమారు 24 కిలోమీటర్లు. కనుమరుగు మలుపుల్లో, మనుషుల్ని దాటేటప్పుడు 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు. మన బాటలు వాటికన్నా సన్నం. ఆ ఎనిమిదే మనకీ సరిపోతుంది. టైమింగులూ రికార్డులూ చూసుకునే యాప్ ఉంటే అలాంటి బాటల్లో దాన్ని ఆపేయండి. రికార్డు కోసం ఎవరూ లేని చోటు వేరే వెతుక్కోండి.

ఎవరికి దారి?

అమెరికాలో ట్రైల్ మొదట్లో పసుపుపచ్చ త్రిభుజం బోర్డు ఒకటి కనిపిస్తుంది. సైకిల్ వాళ్లు నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి, నడిచేవాళ్లు గుర్రాలకి ఇవ్వాలి అని దాని అర్థం. మన దగ్గర గుర్రాలు ఆర్కే బీచ్‌లో తప్ప కనపడవు. మన బాటల్లో గుర్రం స్థానం నెత్తిన మోపు ఉన్న మనిషిది.

కట్టెల మోపుతో దిగుతున్న ఆవిడ తల తిప్పలేదు. కిందకి వంగి చూడలేదు. ఉలిక్కిపడితే బరువంతా మెడ మీద పడుతుంది. ఒక్కసారిగా పక్కకి జరగలేదు, ఆగితే మళ్లీ నడక అందుకోవడం కష్టం. కాబట్టి ఆవిడ ఆగాల్సిన పని రానివ్వకండి. పాతిక మీటర్ల దూరంలోనే సైకిల్ దిగిపోయి, వీలుంటే గట్టు మీద ఒక రాయి చూసుకుని సైకిల్‌ని పైకి ఎక్కించి, బాట మొత్తం వదిలేయండి. లోయ వైపు నిలబడకండి. సన్నటి బాటలో ఆగేటప్పుడు ఎప్పుడూ కొండ వైపు కాలే కింద పెట్టాలి. లోయ వైపు నేల మీరు అనుకున్నదానికన్నా కిందికి ఉంటుంది, కాలు అందక సైకిల్‌తో సహా దొర్లుతారు. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా ఇలా ఆగేటప్పుడే.

సైకిల్‌కి సైకిల్ ఎదురైతే దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారి ఇవ్వాలి. వదులు మట్టి ఎక్కుడులో ఒకసారి ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో ఎక్కినవాళ్లకి తెలుసు. కానీ దిగేవాడు అప్పటికే రాళ్ల మెట్టు మధ్యలో ఉంటే కింద ఉన్నవాళ్లే ఆగాలి, అక్కడ అతన్ని ఆపితే పడతాడు. ఒక్కోసారి ఎక్కేవాళ్లు ఆయాసపడుతూ ఆగడానికి సాకు వెతుక్కుంటూ ఉంటారు. చెయ్యి ఊపితే నవ్వి వెళ్లిపోండి. నియమం నావైపే ఉందని మొండికెయ్యడం మాత్రం ఎవరికీ పనికిరాదు.

వెనకనుంచి దాటడం

ఇది ఎదురుపడటం కన్నా కష్టం, ఎందుకంటే వాళ్లకి మీరు కనపడరు. విదేశీ వీడియోలు చూసి 'రైట్, రైట్' అని అరుస్తూ దూసుకొచ్చేవాళ్లు మన దగ్గరా తయారయ్యారు. కుడి అని వినగానే సగం మంది కుడివైపుకే జరుగుతారు. అరిచినవాడిది తప్పు, జరిగినవాళ్లది కాదు.

పద్ధతి ఇది. ముప్ఫై మీటర్ల ముందే బెల్ ఒక్కసారి మోగించండి. పాతకాలపు ట్రింగ్ ట్రింగ్ బెల్లే మంచిది, అది వినగానే సైకిల్ అని ఎవరికైనా తెలుస్తుంది. తర్వాత నడక వేగానికి వచ్చేయండి. 'అమ్మా, వెనకాల సైకిల్ ఉందండి, కంగారు లేదు' అనండి. పెద్దాయన అయితే 'బాబుగారూ', కుర్రాడైతే 'తమ్ముడూ'. వాళ్లు వెనక్కి తిరిగి చూసేదాకా దాటకండి. చూశాక వాళ్లు ఏ పక్క వదిలితే ఆ పక్క నుంచి వెళ్లండి. మామూలుగా మనం ఎడమకి ఉండి కుడి నుంచి దాటుతాం, కానీ వాళ్లు వదిలిన వైపే ఆ క్షణానికి సరైన వైపు. గుంపుగా వెళ్తుంటే ముందున్నవాళ్లు 'ఇంకో ముగ్గురు వస్తున్నారమ్మా' అని చెప్పాలి, చివరివాళ్లు 'నేనే ఆఖరు' అనాలి. ఇది చెప్పకపోతే మొదటి సైకిల్ వెళ్లగానే వాళ్లు మళ్లీ బాట మధ్యకి వస్తారు.

తండ్రి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే పూర్తిగా ఆగిపోండి. పిల్ల చివరి క్షణంలో తండ్రి దగ్గరికే పరుగెడుతుంది. కుక్కా, దాని యజమానీ బాటకి చెరో వైపు ఉన్నా అంతే, మధ్యలో తాడు ఉంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ల వెనక ఎంత సేపైనా నడవాల్సిందే, మీరైతే మాత్రం అవి పెట్టుకోకండి. చీకటితో బయల్దేరేవాళ్లు ఎదురుగా మనిషి కనిపించగానే హెల్మెట్ లైటు తగ్గించి నేలకి దించండి.

జంతువులు, వాన

మేకల మంద వస్తే దిగి నిలబడండి, కాపరి చెప్పినట్టు చేయండి. గేదెలకీ అంతే. అప్పన్నకి మొక్కుకుని వదిలిన కోడెదూడలు బాట మధ్య పడుకుంటే బెల్ కొట్టి లేపకండి, చుట్టూ తిరిగి నడిపించుకెళ్లండి. వీధికుక్కలు తరిమితే స్పీడు పెంచకండి. దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడవండి, చాలాసార్లు అక్కడితో ఆసక్తి పోతుంది. పాము కనిపిస్తే అది వెళ్లేదాకా ఆగండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాటుపడ్డ కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి, మనకైతే కేజీహెచ్‌కి, చేరడమే పని. కొండ మడతల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఏ బాటలో వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పే వెళ్లండి.

వాన పడ్డ మర్నాడు ఎర్రమట్టి బాటల్లో తొక్కకండి. బొటనవేలితో నొక్కితే గుంట పడుతోందంటే ఇంకా ఆరలేదని. బురదగుంట ఎదురైతే పక్కనుంచి తిప్పకుండా మధ్యలోంచే వెళ్లండి, లేదా దిగి నడవండి. పక్కనుంచి వెళ్లినకొద్దీ బాట వెడల్పవుతూ గట్టు తెగుతుంది. వెనక చక్రం లాక్ చేసి జారించడం కుర్రాళ్లకి సరదా, కానీ బాట పాడయ్యేది దానివల్లే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ కొండల మీద చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్లం. తుపాను తర్వాత చెట్టు అడ్డంగా పడి ఉంటే కొత్త దారి చెయ్యకుండా సైకిల్ ఎత్తుకుని దాటండి.

ఈ వారం అభ్యాసం

ఖాళీ మట్టి మైదానంలో ఒక చెప్పు పెట్టండి. 10, 15, 20 వేగాల్లో వచ్చి చెప్పు దగ్గర బ్రేకు వేసి, ఎన్ని అడుగులకి ఆగారో కొలిచి రాసుకోండి. అడుగులు పెరిగితే వేగం తగ్గించండి, టైర్ గాలి కూడా ఓసారి చూసుకోండి.

రెండోది ఇద్దరు కలిసి చేసేది. ఒకరు నెత్తిన బియ్యం సంచి పెట్టుకుని నడవాలి, ఇంకొకరు వెనకనుంచి దాటాలి. దాటాక 'ఎప్పుడు భయమేసింది?' అని నడిచినవాళ్లని అడగండి. తర్వాత సంచి మీరు ఎత్తుకోండి. భయం వెయ్యలేదనే దాకా చేస్తూ ఉండండి.

5వ పాఠం పంక్చర్ గురించి. ఒక పాత ట్యూబు, రెండు టైర్ లివర్లు దగ్గర పెట్టుకోండి.